ఒడ్డున నిలబడినవాళ్లకూ పని ఉంది

ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే ట్రయాథ్లాన్ చూడటానికి అంత గొప్ప ఆటేం కాదు. ఈత జరుగుతున్నంతసేపూ నీళ్లలో రంగు టోపీలు, మధ్యమధ్య పైకి లేచే మోచేతులు తప్ప ఇంకేం కనిపించవు. అందులో మనవాళ్లెవరో పోల్చుకోవడం దాదాపు అసాధ్యం. సైకిళ్లు వస్తున్నాయని ఎవరో అరుస్తారు, మనం తల తిప్పేలోపు వెళ్లిపోతాయి. మళ్లీ ఇటు రావడానికి చాలాసేపు పడుతుంది. చివర్లో పరుగు మాత్రం కాస్త తీరిగ్గా చూడొచ్చు, అదీ గట్టు పక్కన మంచి చోటు దొరికితే. ఒలింపిక్స్‌లో అయితే హెలికాప్టర్లు, మోటార్‌సైకిల్ కెమెరాలు, తెర మీద అంకెలు మన బదులు చూసిపెడతాయి. ఒక చెరువు, నాలుగు రోడ్లు, కొద్దిమంది వలంటీర్లతో జరిగే చిన్న పోటీలో అవేమీ ఉండవు. గంటల తరబడి నిలబడి, జరిగినదాంట్లో పదో వంతు కూడా చూడకుండా వెనక్కి వెళ్లినా ఆశ్చర్యం లేదు.

అయినా చిన్న స్థాయిలో జరిగే మహిళల ట్రయాథ్లాన్‌కి ఒకసారి వెళ్లి చూడమనే చెప్తాను. అక్కడ ప్రేక్షకుల మీద పడే బాధ్యత మిగతా ఆటల కన్నా ఎక్కువ. మహిళలకు మాత్రమే అని పెట్టినంత మాత్రాన ఈ పోటీలో దూరం తగ్గదు, రూల్స్ సడలవు. మారేదల్లా ఎవరు చూస్తున్నారు, ఎలా చూస్తున్నారు అన్నదే. ఆ మార్పు నిర్వాహకుల ప్రకటనతో రాదు, ఒడ్డున నిలబడ్డవాళ్లు తేవాలి.

ముందు మహిళల పోటీ తేలిక అనే అపోహ సంగతి చూద్దాం. స్ప్రింట్ అని పిలిచే పొట్టి ట్రయాథ్లాన్‌లో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. ఒలింపిక్ దూరం దానికి సరిగ్గా రెట్టింపు. కొత్తవాళ్ల కోసం పెట్టే సూపర్ స్ప్రింట్ మామూలు స్ప్రింట్‌లో దాదాపు సగం. ఇవన్నీ ఆడా మగా అందరికీ ఒకటే. చెరువు సైజును బట్టి, దొరికిన రోడ్డును బట్టి స్థానిక నిర్వాహకులు కాస్త అటూ ఇటూ సర్దుకుంటారు, అంతే. హెల్మెట్ పట్టీ బిగించుకోకుండా సైకిల్‌ని కదిపితే పెనాల్టీ. సైకిల్ ఎక్కడానికి ఒక గీత, దిగడానికి ఒక గీత; వాటి మధ్యలో తప్ప ఎక్కి తొక్కకూడదు. ముందు వెళ్తున్న సైకిల్‌కి వెనక గాలి చాటున దూరి తొక్కడం ఇలాంటి పోటీల్లో నిషేధం. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పనికిరావు. ఇంటివాళ్లు పక్కన పరిగెత్తుతూ నీళ్ల సీసా అందించినా తప్పే. 'ఆడవాళ్ల పోటీ కదా, సరదాగా ఉంటుందిలే' అనుకుంటూ వచ్చినవాళ్లకు మొదటి పావుగంటలోనే సంగతి అర్థమైపోతుంది.

ఈ క్రీడ పుట్టిందే చిన్నగా. 1974 సెప్టెంబర్ 25న, ఒక బుధవారం సాయంత్రం పనులయ్యాక, అమెరికాలోని శాన్ డియాగోలో ఒక అథ్లెటిక్స్ క్లబ్ వాళ్లు మిషన్ బే దగ్గర మొదటి ట్రయాథ్లాన్ పెట్టారు. 46 మంది వచ్చారు. అప్పుడు ముందు పరుగు, ఆ తర్వాత సైకిల్, ఆఖర్న ఈత. అలసిన ఒంటితో నీళ్లలోకి దిగడం ప్రమాదమని కాబోలు, తర్వాత ఈత ముందుకొచ్చింది. కాబట్టి చిన్న పోటీని పెద్ద పోటీకి నకలుగా చూడనక్కర్లేదు. ఈ ఆట అసలు రూపం అదే.

ఇక చూసే తీరు ఎంత నష్టం చేయగలదో తెలియాలంటే ఇంకా వెనక్కి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి వెళ్లాలి. ఒలింపిక్స్‌లో మహిళలకు 800 మీటర్ల పరుగు మొదటిసారి పెట్టింది అక్కడే. ఫైనల్లో తొమ్మిది మంది పరిగెత్తారు, తొమ్మిది మందీ పూర్తి చేశారు. జర్మనీ క్రీడాకారిణి లీనా రాద్కే 2 నిమిషాల 16.8 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచింది. ముగింపు గీత దాటాక కొందరు అలసటతో కూలబడ్డారు. 800 మీటర్లు ప్రాణం పెట్టి పరిగెత్తినవాళ్లు ఎవరైనా చేసే పనే అది. పత్రికల్లో వచ్చింది మాత్రం వేరే కథ. చాలామంది మధ్యలోనే ఆగిపోయారనీ, కుప్పకూలిపోయారనీ, ఆ దృశ్యం చూడలేకపోయామనీ రాశారు. ఎంతమంది పరిగెత్తారో ఆ లెక్క కూడా సరిగ్గా రాయనివాళ్లున్నారు. దాంతో ఆ పరుగును ఒలింపిక్స్ నుంచి తీసేశారు. తిరిగి పెట్టింది 1960 రోమ్‌లో, అంటే 32 ఏళ్లకు.

ఇప్పుడు 1982 ఫిబ్రవరి. హవాయ్ దీవుల్లో ఐరన్‌మ్యాన్: 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన పూర్తి మారథాన్. 1978లో జరిగిన తొలి ఐరన్‌మ్యాన్‌లో బరిలోకి దిగిన 15 మందీ మగవాళ్లే. మరుసటి ఏడాది లిన్ లెమేర్ అనే ఒక్క మహిళ వచ్చి మొత్తం మీద ఐదో స్థానంలో నిలిచింది. 1982లో జూలీ మాస్ అనే కాలేజీ విద్యార్థిని మహిళలందరికన్నా ముందు పరిగెత్తుతూ, గీత ఇక కనుచూపు మేరలో ఉందనగా కాళ్లు స్వాధీనం తప్పి పడిపోయింది. లేచింది, మళ్లీ పడింది. చివరికి చేతుల మీద, మోకాళ్ల మీద పాకుతూ గీత చేరింది. ఈలోగా కాథ్లీన్ మెకార్ట్నీ ఆమెను దాటిపోయి గెలిచింది. తేడా 29 సెకన్లు. ఏబీసీ టీవీ దీన్నంతా చూపించింది. చూసినవాళ్లు ఆడవాళ్లకు ఇలాంటివి వద్దనలేదు. తామూ చేస్తామంటూ పేర్లు ఇచ్చారు. ట్రయాథ్లాన్ జనంలోకి వెళ్లిన రోజు ఏదంటే ఈ క్రీడలో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ రోజునే చెప్తారు.

రెండు చోట్లా జరిగింది ఒకటే, ఒక మహిళ శక్తంతా ఖర్చు పెట్టి కూలబడింది. మధ్యలో కాలం మారింది, నిజమే. కాలాన్ని మించిన తేడా ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. ఆమ్‌స్టర్‌డామ్‌లో చూసినవాళ్లకు పడిపోవడమే వార్త అయింది. హవాయ్‌లో కెమెరా పడిపోయిన మనిషి దగ్గరే ఉండిపోయింది. తర్వాత ఆమె ఏం చేసిందో కూడా చూపించింది. రెండేళ్ల తర్వాత లాస్ ఏంజెలెస్‌లో, ఒలింపిక్స్ చరిత్రలో తొలి మహిళల మారథాన్‌లో, స్విట్జర్లాండ్ తరఫున పరిగెత్తిన గాబ్రియేలా ఆండర్సన్ షీస్ ఎండ దెబ్బకు ఒక పక్కకు ఒరిగిపోతూ స్టేడియంలోకి వచ్చింది. ఆ ఆఖరి చుట్టుకే ఐదు నిమిషాలకు పైగా పట్టింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఆమెది 37వ స్థానం. ఆ పోటీలో పతకాలు ఎవరికొచ్చాయో మర్చిపోయినవాళ్లకు కూడా ఆమె నడక గుర్తుంది.

ఇంత పెద్ద చరిత్ర ఒక చెరువు గట్టు మీద ఎందుకంటారా? అక్కడికి వచ్చే మహిళల్లో ఎక్కువమందికి కష్టం నీళ్లతోనూ సైకిల్‌తోనూ కాదు కాబట్టి. ఒంటికి అతుక్కునే తడి బట్టల్లో నలుగురి ముందు నడవాలి. నెమ్మదిగా పరిగెత్తుతూ కనిపించాలి. ఆయాసంతో ఎర్రబడిన ముఖం ఫొటోల్లో పడుతుంది. అందరికన్నా చివర వస్తే ఎలా అనే టెన్షన్ ఒకటి. ప్రాక్టీసులో ఇంతకన్నా ఎక్కువ దూరం ఈది, తొక్కి, పరిగెత్తినవాళ్లు కూడా పోటీ అనేసరికి పేరు ఇవ్వకుండా ఆగిపోయేది ఇందుకే. మహిళల పోటీ అని పేరు పెట్టగానే ఈ భయాలు మాయం కావు. అలాంటి పోటీకి వచ్చే ప్రేక్షకులు వేరేగా ఉంటారనే నమ్మకంతో వాళ్లు వస్తారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడం మన పని.

నేను చూసిన పోటీలో ఈత దగ్గర ఇది స్పష్టంగా కనబడింది. వయసుల వారీగా గుంపులు చేసి, గుంపుకో రంగు టోపీ ఇచ్చి, కొన్ని నిమిషాల తేడాతో వదిలారు. నలభై దాటినవాళ్ల గుంపు దిగింది. మొదటి గుర్తు బంతి చేరకముందే ఒకావిడ ఆగిపోయి వెల్లకిలా తిరిగింది. తర్వాత చెయ్యెత్తి కయాక్‌ని, అంటే కాపలాగా తిరిగే చిన్న పడవని, పిలిచి దాని ముక్కు పట్టుకుంది. నా పక్కన ఒకాయన 'అయిపోయింది ఆవిడ పని' అన్నాడు, జాలిగానే. ఆయన తప్పేమీ లేదు, చూస్తే అలాగే ఉంది. కానీ రూల్స్ ప్రకారం కయాక్‌ని పట్టుకొని ఎంతసేపైనా ఊపిరి తీసుకోవచ్చు, అది ముందుకు లాక్కెళ్లకపోతే చాలు. ఏ రకం ఈత అయినా ఈదొచ్చు, వెల్లకిలా తేలొచ్చు, కాలు ఆనితే నిలబడొచ్చు కూడా. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్నవాళ్లకు చెరువులో అడుగు కనబడదు, పట్టుకోవడానికి గోడ ఉండదు, పక్కవాళ్ల కాళ్లు చేతులు తగులుతుంటాయి. ఊపిరి లయ తప్పితే ఆగి సర్దుకోవడమే తెలివైన పని. ఆవిడ సర్దుకొని, తల పైకెత్తి ఉంచే బ్రెస్ట్ స్ట్రోక్‌లోకి మారి, మిగతాదంతా అలాగే ఈదింది. ఒడ్డుకి వచ్చేసరికి ఆ గుంపులో ఆఖరిది కూడా కాదు.

రూల్స్ తెలియని ప్రేక్షకుడికి కయాక్ అంటే ఓటమి. తెలిసినవాడికి అది పోటీలో ఒక భాగం. నిర్వాహకులు మైకులో ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే గట్టు మీద ఆ నిట్టూర్పులు ఉండేవి కావు. నీళ్లలో ఉన్న మనిషికి మాటలు వినబడకపోవచ్చు కానీ, ఒడ్డున తలలు ఆడించేవాళ్లు ఆమె కూతురి పక్కనే నిలబడి ఉండొచ్చు.

ఈ ఆటలో నిజంగా చూడదగ్గ చోటు ట్రాన్సిషన్. ఈత నుంచి సైకిల్‌కి, సైకిల్ నుంచి పరుగుకి మారే ఆవరణ అది. వరసగా ఇనుప స్టాండ్లు, వాటికి వేలాడే సైకిళ్లు, ఒక్కో సైకిల్ కింద ఒక తువ్వాలు. ఆ తువ్వాలు మీద సర్దిన తీరు చూస్తే ఆ మనిషి ఎన్నాళ్లుగా ఈ ఆటలో ఉందో చెప్పేయొచ్చు. అనుభవం ఉన్నవాళ్లు షూస్ నోరు తెరిచి పెడతారు, లేసుల బదులు ఎలాస్టిక్ తాళ్లు వేస్తారు, హెల్మెట్‌ని తిరగేసి హ్యాండిల్ మీద పెట్టి అందులో కళ్లద్దాలు ఉంచుతారు, నంబరు బెల్టు చేతికి అందేలా పరుస్తారు. కొత్తవాళ్లు ఇంటి నుంచి తెచ్చినదంతా పరుస్తారు. కయాక్ పట్టుకున్న ఆవిడ మేజోడు వేసుకుంటుండగా నేను కంచె ఇవతలే ఉన్నాను. తడి కాలికి మేజోడు ఎక్కదు. బొటనవేలి దగ్గరే ముడతపడి ఆగిపోతుంది. ఆవిడ ఒంటికాలి మీద నిలబడి లాగింది, తూలింది. లాభం లేదని నేల మీద చతికిలబడి, తువ్వాలుతో కాలు వేళ్ల మధ్య ఒక్కొక్కటిగా తుడుచుకొని, మేజోడు మడత విప్పుకుంటూ ఎక్కించింది. పిక్క మీద మార్కర్‌తో రాసిన 54 అనే అంకె నీళ్లకు సగం కరిగిపోయింది.

గడియారం ఈ మేజోళ్ల కోసం ఆగదు. చూసేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, ట్రాన్సిషన్ అంటే విరామం అనుకుంటారు. చీలమండకు కట్టిన చిప్ అక్కడ గడిపే ప్రతి సెకనునూ మొత్తంలో కలుపుతుంది. ఒలింపిక్ స్థాయి మహిళలు సైకిల్ దిగి షూస్ మార్చుకొని పరుగులో పడటానికి తరచూ అర నిమిషం చాలు. వాళ్లు మేజోళ్ల జోలికే పోరు. చిన్న పోటీలో ఇక్కడే ఐదారు నిమిషాలు పోగొట్టుకునేవాళ్లుంటారు, ఆ నిమిషాలు వెనక్కి రావాలంటే రోడ్డు మీద ఎంత గట్టిగా తొక్కాలో లెక్కేస్తే కళ్లు తిరుగుతాయి. పందెం గెలవాలనుకునేవాళ్లకు ఇది పాఠమే. ఆవిడకు మాత్రం ఆ మేజోళ్లు కావాలి. కాలు బొబ్బలెక్కకుండా ఐదు కిలోమీటర్లు పరిగెత్తడమే ఆవిడ లెక్క. కంచె పక్కన నిలబడి 'త్వరగా, త్వరగా' అని అరిచేవాళ్లకు ఆవిడ లెక్కతో పని లేదు.

పిక్క మీద వయసు రాయడం గురించి ఒక మాట. చాలా పోటీల్లో చేతి మీద నంబరు, పిక్క మీద వయసు రాస్తారు. మిమ్మల్ని దాటిపోతున్న మనిషి మీ విభాగంలోనే ఉందో లేదో వెనక నుంచి తెలుస్తుంది, అదీ దాని ఉపయోగం. చూసేవాళ్లకు మాత్రం అదో వినోదం. ఇరవై ఎనిమిది అని రాసి ఉన్న అమ్మాయిని అరవై ఒకటి దాటిపోతుంది, అమ్మాయి ముఖం చూడాలి. అమెరికాకు చెందిన సిస్టర్ మడోన్నా బ్యూడర్ అనే క్రైస్తవ సన్యాసిని 50 దాటాక ట్రయాథ్లాన్‌లోకి వచ్చి, 2012లో 82 ఏళ్ల వయసులో పూర్తి ఐరన్‌మ్యాన్ ముగించారు. ఆవిడ వయసు పెరిగేకొద్దీ నిర్వాహకులు కొత్త వయో విభాగాలు తెరుస్తూ వచ్చారు. వయసు దాచుకోవాలని ఆడవాళ్లకు నేర్పే లోకంలో ఇంత పెద్ద అంకె పిక్క మీద వేసుకొని తిరగడం నాకు ముచ్చటేస్తుంది.

సైకిల్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఖరీదైన కార్బన్ సైకిళ్ల గుయ్‌మనే చప్పుడు, వాటి వెనకే, ముందు భాగంలో బుట్ట ఉన్న మామూలు సైకిల్ మీద వచ్చిన ఒకమ్మాయి. దిగే గీత దగ్గర ఒక వలంటీర్ రెండు చేతులూ చాచి 'దిగండి, దిగండి' అని గొంతు పోయేలా అరుస్తోంది. చూసేవాళ్లు మలుపు దగ్గర రోడ్డు మీదికి రాకుండా ఉంటే అదే పదివేలు.

పరుగు దగ్గరే ప్రేక్షకుల నోటికి పని. సైకిల్ దిగిన కాళ్లు మొదట్లో మన మాట వినవు, తొడలు బిగుసుకుపోయి అడుగులు పొట్టిగా పడతాయి. పట్టుమని పదడుగులు సరిగ్గా పడట్లేదని చూసి 'పాపం' అనుకోవద్దు, ఒలింపిక్ విజేతకైనా మొదటి నిమిషాలు ఇబ్బందిగానే ఉంటాయి. ఇక్కడ జనం చేసే పెద్ద పొరపాటు 'వచ్చేశారు, ఇంకెంతో లేదు' అనడం. రెండు కిలోమీటర్లు మిగిలినవాళ్లకు అది అబద్ధమని తెలుసు, మీకు తెలియదని కూడా వాళ్లకు తెలుసు. ఎంత మిగిలిందో కచ్చితంగా తెలిస్తే చెప్పండి: ఆ మలుపు తర్వాత నాలుగు వందల మీటర్లు, చదునైన రోడ్డు. తెలియకపోతే నంబరు మీద ఉన్న పేరు పెట్టి పిలవండి. ముక్కూ మొహం తెలియనివాళ్లు పేరు పెట్టి పిలిస్తే వంగిన వీపు ఎలా నిటారవుతుందో అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

గట్టు మీద ఇంకో దృశ్యం నా దృష్టిలో పడింది. సంచులు మోస్తున్నది, పిల్లలను ఎత్తుకున్నది, 'అమ్మ ఎప్పుడొస్తుంది' అనే ప్రశ్నకు వందోసారి జవాబు చెప్తున్నది మగవాళ్లు. మిగతా క్రీడా మైదానాల్లో ఈ పని ఎవరిదో అందరికీ తెలుసు. దీన్ని చూసి పొంగిపోవాల్సిన పని లేదు. ఒక ఉదయం పిల్లలను పట్టుకోవడం గొప్ప త్యాగమేం కాదు. అసలు ప్రశ్న ఆ ఉదయం గురించి కాదు, దానికి ముందు గడిచిన నెలల గురించి. మూడు ఆటల సాధనకు వారంలో కనీసం ఐదారు గంటలు కావాలి. ఆ గంటలు ఎక్కడినుంచో రావాలి. గీత దాటినవాళ్లతో మాటలు కలిపితే ఎక్కువగా వినిపించేది కాళ్ల నొప్పుల గురించి కాదు, ఆ సమయం ఎలా దొరికిందో అన్న సంగతే. ఒకరు తెల్లవారకముందు లేచేవారట, ఇంకొకరు పిల్లల ఈత క్లాసు జరుగుతుండగా పక్క లైన్లో ఈదేవారట. ఒంటరిగా వచ్చి, ఎవరూ కంచె పక్కన లేకుండా పోటీ చేసి వెళ్లినవాళ్లూ ఉన్నారు. మీకు తెలిసినవాళ్లు పోటీలో లేకపోయినా వెళ్లమనేది వాళ్ల కోసమే.

నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. మైకు పట్టుకున్న అనౌన్సర్ గీత దాటుతున్న ఒక్కొక్కరినీ 'ఇద్దరు పిల్లల తల్లి', 'ముగ్గురు పిల్లల తల్లి' అని పరిచయం చేస్తూ పోయాడు. మంచి మనసుతోనే. కానీ చిప్ ఆయన ముందున్న తెర మీద ఈతకు ఎంత పట్టిందో, సైకిల్‌కి ఎంత పట్టిందో చూపిస్తూనే ఉంది. ఒకావిడ సైకిల్ భాగంలో ఆ రోజు రెండో అత్యుత్తమ సమయం తొక్కిందని ఫలితాల కాగితం చూశాకే మాకు తెలిసింది. మైకులో ఆవిడ గురించి చెప్పింది కవల పిల్లల సంగతి. మగవాళ్ల పోటీలో ఎవరినైనా ఇలా పిల్లల సంఖ్యతో పరిచయం చేయడం విన్నామా?

అసలు ఆడవాళ్లకు వేరే పోటీ ఎందుకు, ఇది వెనక్కి నడవడం కాదా అనేవాళ్లున్నారు. ఆ వాదనలో బలం ఉంది. వేరుగా పెట్టి, దూరం తగ్గించి, గులాబీ రంగు పులిమి, పోటీని పిక్నిక్‌గా మార్చేస్తే అది చిన్నచూపే. కానీ వేరుగా పెట్టడమే చిన్నచూపు అంటే ఒప్పుకోను. ఒలింపిక్స్‌లో ట్రయాథ్లాన్ అడుగుపెట్టిన 2000 సిడ్నీలో మొదట పరిగెత్తింది మహిళలే. వాళ్ల పోటీ వాళ్లకు విడిగా, మొదటి రోజే జరిగింది. స్విట్జర్లాండ్‌కు చెందిన బ్రిజిట్ మెక్‌మాన్ గెలిచింది. అదే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీలో ఏళ్ల తరబడి ఆడా మగా ఒకే రోజు ఉండేవారు. వృత్తి క్రీడాకారుల్లో మగవాళ్లకు 50 చోట్లు, మహిళలకు 35 మాత్రమే ఇవ్వడం మీద 2015 ప్రాంతంలో పెద్ద గొడవే జరిగింది. 2023లో మొదటిసారి మహిళల పోటీని హవాయ్‌లోని కోనాలో, మగవాళ్ల పోటీని ఫ్రాన్స్‌లోని నీస్‌లో విడివిడిగా పెట్టారు. ఆ రోజు కోనాలో కెమెరాలు మహిళల మీదే ఉన్నాయి. లూసీ చార్ల్స్ బార్‌క్లే ఈత నుంచి గీత దాకా ముందుండి గెలవడాన్ని మధ్యలో ఎవరూ అడ్డురాకుండా జనం చూశారు. మగవాళ్ల గుంపుల్లో కలిసిపోయిన రోజుల్లో మహిళల పోటీ ఎలా సాగుతోందో చూసేవాళ్లకు అందేదే కాదు. కలిపినా విడదీసినా దూరం అదే. తేడా కనబడటంలోనే.

మహిళలకని రూల్స్ సడలవు అన్నాను కదా, ఒక చోట మాత్రం చిన్న పోటీకీ పెద్ద పోటీకీ ఆచరణ వేరు. 2019 ఆగస్టులో టోక్యోలో ఒలింపిక్స్‌కి సన్నాహకంగా పెట్టిన పోటీలో బ్రిటన్ క్రీడాకారిణులు జెస్ లర్మంత్, జార్జియా టేలర్ బ్రౌన్ చేతులు పట్టుకొని కలిసి గీత దాటారు. కావాలని సమంగా ముగించకూడదనే నియమం కింద ఇద్దరినీ తొలగించారు. వెనక వచ్చిన బెర్ముడా క్రీడాకారిణి ఫ్లోరా డఫీ విజేత అయింది. ఆమే 2021లో అదే చోట ఒలింపిక్ స్వర్ణం గెలిచింది, బెర్ముడాకు ఒలింపిక్స్‌లో అదే తొలి స్వర్ణం. పతకాలున్న చోట ఆ నియమం అవసరం, పోటీ అన్నాక పోటీ పడాలి. చెరువు గట్టు పోటీలో నలభయ్యో స్థానానికి ఇద్దరు స్నేహితురాళ్లు చేతులు పట్టుకొని వస్తే ఏ అంపైరూ పుస్తకం తీయడు, తీయకూడదు కూడా.

చివరి స్థానం సంగతికి వస్తే, 1990లో అమెరికాలో డాన్స్‌కిన్ దుస్తుల కంపెనీ పేరుతో మొదలైన మహిళల ట్రయాథ్లాన్ సిరీస్‌ది మంచి పద్ధతి. ఐరన్‌మ్యాన్‌లో పోటీ పడిన శాలీ ఎడ్వర్డ్స్ ఆ పోటీల్లో తానే కావాలని అందరి వెనక వచ్చేవారు. పాల్గొన్న ఇంకే మహిళకూ ఆఖరి స్థానం అనే భయం ఉండకూడదని. ఆలోచన చిన్నదే కానీ, పేరు ఇవ్వడానికి జంకేవాళ్లకు అంతకన్నా సూటైన జవాబు లేదు. ఇప్పుడు ఎన్నో చోట్ల స్వీపర్ పేరుతో ఒక వలంటీర్ చివరి మనిషి వెనక నడవడమో సైకిల్ తొక్కడమో చేస్తున్నారు. నేను చూసిన పోటీలో స్వీపర్ ఉంది, ఆ ఏర్పాటు బాగుంది. కానీ చివరివాళ్లు ఇంకా రోడ్డు మీద ఉండగానే బహుమతుల కార్యక్రమం మొదలుపెట్టారు. జనమంతా వేదిక వైపు తిరిగారు, ఫొటోగ్రాఫర్ కూడా అటే వెళ్లాడు. ఆ తర్వాత వచ్చిన నలుగురు గీత దాటేటప్పుడు అక్కడ మిగిలింది చిప్‌లు విప్పే వలంటీర్, నాలాంటి కొద్దిమంది. కటాఫ్‌కి, అంటే పోటీ ముగించాల్సిన గడువుకి, ఇంకా ఇరవై నిమిషాలకు పైగా ఉంది. రోడ్డు తెరవాలి, అతిథులు వెళ్లిపోతారు లాంటి కారణాలు ఉండే ఉంటాయి. రోడ్డు ఎలాగూ కటాఫ్ దాకా మూసే ఉంచాలి కాబట్టి ఆ సాకు నిలవదు. అతిథుల సంగతంటారా, వాళ్లకు చెప్పే సమయాన్నే కటాఫ్ తర్వాతకి జరిపితే సరిపోతుంది. అప్పటిదాకా పతకాలు గెలిచినవాళ్లు కూడా గట్టు మీదే ఉంటారు, పేర్లు పెట్టి పిలవడానికి ఇంకో ముగ్గురు దొరుకుతారు.